అన్నిటికీ ఏడు మార్కులే

"ఇది ఇద్దరికి మేడమ్. ఒక్కరికి ఇవ్వం."

"ఇంకొకరు వస్తున్నారు."

"అయితే వచ్చాక పెడతాను."

"వచ్చేసరికి ఉడకాలి కదా. పెట్టండి."

వంటతను ఆమె వెనకున్న తలుపు వైపు చూశాడు. బయట వాన దంచికొడుతోంది. అంత వానలో ఈ అయిదు బల్లల కొరియన్ హోటల్ని వెతుక్కుంటూ ఇంకో మనిషి వస్తారని అతనికి నమ్మకం కలగలేదు. అయినా కస్టమర్ని పట్టుకుని అబద్ధమాడుతున్నారని అనలేడు కదా. బల్ల మీద చిన్న స్టవ్ పెట్టి, దాని మీద కిమ్చీ అనే పులియబెట్టిన క్యాబేజీ పులుసు కుండ ఎక్కించి, రెండు గిన్నెలూ రెండు చెంచాలూ సర్దాడు.

ఆ హోటల్లో అన్నీ చవకే. గట్టిగా ఉండేది ఒక్క రూలు మాత్రమే. ఆ కుండ బల్ల మీద మరుగుతుండగా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తోడుకుని తినాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళకి నూడుల్స్ ఉన్నాయి, కూరగాయలు కలిపిన అన్నం ఉంది, కుండ మాత్రం లేదు. ఓనరుని వీధి వీధంతా కొరియా బామ్మ అని పిలుస్తుంది. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ బామ్మ ఈ ఒక్క విషయంలో దేవుడు దిగొచ్చి చెప్పినా వినదు.

అరగంటకల్లా కుండ అడుగంటా ఖాళీ అయింది. రెండో గిన్నె బోర్లించింది బోర్లించినట్టే ఉంది. ఆ అమ్మాయికి కళ్ళల్లోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారిపోతున్నాయి. పెదాలు ఎర్రగా వాచిపోయాయి.

"మేడమ్, ఆ వచ్చేవాళ్ళు..."

"దారిలో ఉన్నారు."

"ఇప్పుడొస్తే కుండ కడగడానికే పనికొస్తారు."

ఆమె నవ్వలేదు. ముక్కు తుడుచుకుని, గొడుగు తీసుకుంది.

"రేపు కూడా ఇదే టైముకి వస్తాం," అంది. "ఇద్దరం."

వచ్చేవాళ్ళెవరూ లేరని వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకోటుంది. ఆమె ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో టేస్టర్. ఎనిమిది నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కులోంచి వాసననీ, నాలుక మీంచి రుచినీ పట్టుకుపోయింది. రావచ్చు, రాకపోవచ్చు, చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ సంగతి తెలిసింది ఇంట్లో అక్క ఒక్కదానికే. అదైనా ఈమె చెప్తే తెలిసింది కాదు. పొయ్యి మీద పాలు మాడి నల్లగా పొగలొస్తుంటే, ఆ గట్టుకే ఆనుకుని, అటు తిరిగి పేపరు చదువుకుంటున్న చెల్లెల్ని చూసి అక్కకి విషయం అర్థమైంది.

"ఆఫీసులో చెప్పెయ్యవే చిట్టీ," అని ఆ రోజునుంచీ పోరుతోంది.

"చెప్పి ఏం చెయ్యనక్కా? నాకు వచ్చిన పని అదొక్కటే."

ఫ్యాక్టరీలో తెల్ల గోడల గది. మధ్యలో అడ్డు చెక్కలతో నాలుగు గళ్ళు, గడికో టేస్టరు. కిటికీలోంచి ఒక ప్లేటు వస్తుంది. నమిలి, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి, పదికి ఎన్నో మార్కులు రాయాలి. ఎనిమిది నెలలుగా ఈమె రంగు చూస్తుంది, కొరికినప్పుడు చప్పుడు వింటుంది, అన్నిటికీ ఏడు వేస్తుంది. జీడిపప్పు బిస్కెట్‌కి ఏడు. నిమ్మ క్రీముకి ఏడు. "నీలాగా నిలకడగా మార్కులు వేసేవాళ్ళు లేరమ్మా," అని సూపర్‌వైజర్ మెచ్చుకున్న రోజున ఇంటికొచ్చి దిండు తడిసేదాకా ఏడ్చింది.

మరి ఆ కుండ ఎందుకంటే, మంట కోసం. రుచి తెలియకపోయినా కారం మండుతుంది. రోజంతా నోట్లో మట్టి పెట్టుకున్నట్టుండే మనిషికి, ఆ మంట పుట్టినప్పుడు తను ఇంకా బతికే ఉన్నట్టుండేది.

నాలుగోరోజు మధ్యాహ్నం మూడింటికి, హోటల్లో జనం పల్చబడ్డాక, వంటతను ఏప్రన్ విప్పి వచ్చి ఆమె ఎదురుకుర్చీలో కూర్చున్నాడు. బోర్లించిన గిన్నెని తిరగేసుకున్నాడు.

"సారీ మేడమ్. దారిలో బాగా ట్రాఫిక్."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో చచ్చిపోయింది.

"మీరు వస్తారని నేనేం చెప్పలేదు."

"పేరు చెప్పలేదుగా. ఎవరొచ్చినా చెల్లుతుంది. పైగా మా బామ్మ మిమ్మల్నే చూస్తోంది. రూలు తప్పితే నా ఉద్యోగం పోతుంది."

వంటగది కిటికీలోంచి కొరియా బామ్మ నిజంగానే చూస్తోంది. ఆరేళ్ళుగా వంటతని దగ్గర నేర్చుకున్న తెలుగుతో గట్టిగా, "తిను పిల్లా. చల్లారితే వేస్టు," అంది.

ఆ రోజు ఆమె ఎనిమిది నెలల్లో మొదటిసారి నవ్వింది. కారానికి కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి కాబట్టి ఏది ఎందుకో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత రోజూ మూడింటికి అతను రావడం అలవాటైంది. అతను వాగుడుకాయ. ఉల్లికాడలు తరిగేటప్పుడు పాటలు పాడతాడట, బామ్మ గరిటె విసిరేస్తుందట. ఆమె వింటూ కూర్చునేది. తను ఏం చేస్తుందో అతను అడగలేదు, తనూ చెప్పలేదు. ఆ గంటసేపూ ఆమె దేనికీ మార్కులు వెయ్యక్కర్లేదు.

రెండు వారాలయ్యాక ఒకరోజు, తడిసిన బ్యాగు దులుపుతుంటే ఆమె ఫ్యాక్టరీ కార్డు జారి బల్ల కింద పడింది. అతను వంగి తీసి చదివాడు.

"టేస్టరా?" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళూ నా ఎదురుగా టేస్టర్ని పెట్టుకుని నేను మంచి నాలుక కోసం వీధి వీధి తిరుగుతున్నానా?"

విషయం ఏమిటంటే, బామ్మ మణికట్లు అరిగిపోయాయి. కిమ్చీ పెట్టడమంటే ఉప్పులో ఊరిన క్యాబేజీని ఆకు ఆకుకీ విడదీసి, కారం ముద్ద పట్టించి, జాడీలో అదిమి పులియబెట్టాలి. ఇక తన చేతులు ఆ పని చెయ్యలేవని బామ్మ తేల్చేసింది. హోటల్ లీజు నెలాఖరుకి అయిపోతుంది. ఆలోపు వంటతను బామ్మకి నచ్చే కిమ్చీ ఒక్క జాడీ పెడితే లీజు అతని పేర రాయిస్తుంది. లేకపోతే లేదు. బామ్మ భాషలో, "కిమ్చీ మంచిది, నువ్వు ఓనర్. కిమ్చీ చెడ్డది, తలుపు మూత."

"ఇప్పటికి అయిదు జాడీలు వెనక్కి కొట్టింది," అన్నాడు అతను. "ఏం తేడానో చెప్పదు. ఒక ముక్క తిని ప్లేటు పక్కకి నెడుతుంది, అంతే. పొద్దున్నుంచీ వెల్లుల్లీ చేపల సాసూ మధ్య నిలబడి నా ముక్కూ నాలుకా మొద్దుబారిపోయాయి. నన్ను నేను నమ్మలేకపోతున్నాను. ఆఖరి జాడీ వేశాను. రోజూ ఒక ముక్క మీరు చూసి చెప్పండి. మీరు ఓకే అన్న రోజున బామ్మ ముందు పెడతాను."

అప్పుడు చెప్పెయ్యాల్సింది. చెప్పడానికి నోరు కూడా తెరిచింది. కానీ అతను ఆమెని చూసిన చూపు అలాంటిది. ఏ లోటూ లేని మనిషిని చూసినట్టు చూశాడు. ఆ చూపుని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

"చూద్దాం. తెండి," అంది.

మొదటి ముక్క నమిలింది. కరకరలాడింది, మండింది. అంతకు మించి నోట్లో ఏమీ లేదు.

"ఇంకా పులవాలి," అంది. జాడీలో బుడగలు రాలేదని అతను మాటల్లో ముందే అన్నాడు కాబట్టి ఆ మాట నిజమే అయింది. అతను తలూపి, గోడ మీద క్యాలెండర్లో రాసుకున్నాడు.

అలా పదిరోజులు గడిచాయి. అబద్ధం ఒకసారి నడిచాక రెండోరోజు ఇంకా తేలికైంది. ముక్క బిగువు చూసేది, అంచు రంగు చూసేది, అన్నిటికన్నా అతని మొహం చూసేది. అతనికి ఆశ కనిపిస్తే మెచ్చుకునేది, అనుమానం కనిపిస్తే ఇంకొక్క రోజు అనేది. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి, రేపు చెప్పేస్తాను అని అనుకునేది. మర్నాడు మూడయ్యేసరికి అతను తడిచేతులు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చేవాడు, ఆమె ఆ రోజు ముక్క అందుకుని నోట్లో పెట్టుకునేది.

పదకొండో రోజు అతను నవ్వలేదు.

"ఈ రోజు జాడీ మూత తీస్తే ఏదో తేడాగా అనిపించింది. ఈ వానలకి కారప్పొడి చెమ్మగిల్లిందేమో, ముక్కిన వాసన వస్తోందేమోనని నా అనుమానం. నా ముక్కుని నమ్మలేను. మీరు చూడండి. ముక్కిందంటే ఇవాళే పారేస్తాను. బామ్మ కాళ్ళు పట్టుకుని ఇంకో రెండు వారాలు అడుగుతాను. లీజుకి ఇంకా టైముంది, ఒప్పుకుంటుంది."

ఆమె ముక్క నోట్లో పెట్టుకుంది. కరకరలాడింది. ఎప్పటికన్నా బాగా మండింది. అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పారేయమంటే అతని ఆశ పోతుంది. తెలియదంటే ఆ చూపు పోతుంది.

"ఏం లేదు," అంది. "చాలా బాగుంది. మీరు ఊరికే భయపడుతున్నారు."

అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "మీరన్నారు కాబట్టి సరే," అన్నాడు.

జాడీని ఇంకొన్నాళ్ళు మాగనిచ్చి, నెలాఖరుకి నాలుగురోజుల ముందు, మధ్యాహ్నం మూడింటికి బామ్మ ముందు ప్లేటు పెట్టాడు. ఆమెని కూడా రమ్మన్నాడు. ఓనరైన మొదటి నిమిషంలో మీరు పక్కనుండాలి అన్నాడు. ఇంకేదో కూడా అనబోయి, చెవులు ఎర్రబడి, లోపలికి పారిపోయాడు. ఆ అననిమాట కోసం ఆమె ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది.

బామ్మ చాప్‌స్టిక్స్‌తో ఒక ముక్క ఎత్తింది. నోటిదాకా రానేలేదు. ముక్కు దగ్గరే ఆగింది. ముక్కని ప్లేటులో పెట్టేసి, చాప్‌స్టిక్స్ రెండూ సమంగా సర్ది పక్కన పెట్టింది.

"పాత కారం. చెడ్డ వాసన," అంది. అతని వైపు తిరిగింది. చాలా మెల్లగా, "తలుపు మూత," అంది.

వంటతను ప్లేటు అందుకుని వాసన చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాడు.

"ముక్కింది," అన్నాడు. "ఆ రోజు నాకు వచ్చిన వాసనే." ఆమె వైపు తిరిగాడు. "మీకు తెలియలేదా?"

ఆమె కొత్త చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"నేను బాధపడతానని మొహమాటానికి బాగుందన్నారా?"

అతనే దారి చూపించాడు. అవునంటే సరిపోయేది. మొహమాటానికి అన్నానంటే రెండురోజులు అలిగేవాడు, మూడోరోజు నవ్వేవాడు. ఆమెకి అది బాగా తెలుసు. కానీ ఇంకొక్క అబద్ధం మొయ్యడానికి ఒంట్లో సత్తువ లేదు.

"నాకు వాసన తెలియదు," అంది. "రుచి కూడా తెలియదు. పది నెలలు కావస్తోంది."

అతను ప్లేటులోని ముక్కల్ని వేలితో కదిపాడు.

"ఉప్పు సరిపోయిందన్నారే?"

"తెలియదు."

"పులుపు ఎక్కిందన్నారే?"

"బుడగలు చూసి చెప్పాను."

"బాగుందన్నారే?"

"మీ మొహం చూసి చెప్పాను."

అతను ప్లేటు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కోపంగా కూడా వెయ్యలేదు, మామూలుగా వేశాడు. అది ఆమెని ఎక్కువ కోసింది.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళి సూపర్‌వైజర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన నమ్మలేదు. పాత షీట్లు తీసి తిరగేశాడు.

"మరి ఇన్ని నెలలూ ఈ మార్కులేమిటమ్మా?"

"అన్నిటికీ ఏడు వేశాను సర్."

"ఎవరూ గమనించలేదా?"

"లేదు సర్."

ఆయన కోప్పడలేదు, జాలిపడ్డాడు. ఆమె కార్డు బల్ల మీద పెట్టి వచ్చేసింది. మూడేళ్ళు నోరు కట్టుకుని, కారం ముట్టకుండా, కాఫీ తాగకుండా కాపాడుకున్న నాలుక అది. అది పోయినా దాదాపు పది నెలలు ఆ గదికి ఏ తేడా తెలియలేదు. తను ఉన్నా లేకపోయినా ఒకటేనన్నమాట. ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకుంది. అక్క అన్నం తెచ్చి పక్కన పెడితే లేవలేదు.

"ఎవరే అతను?" అంది అక్క మంచం అంచున కూర్చుని.

"ఎవరూ కాదు."

"ఎవరూ కాకపోతే ఉద్యోగం పోయినందుకు ఇంత ఏడవవు నువ్వు. నాకు తెలుసు."

చెల్లెలు అప్పుడు మొత్తం చెప్పింది. అక్క చివరిదాకా వింది. అంతా అయ్యాక, "తప్పు చేశావు," అంది. ఓదార్పు మాట ఒక్కటీ కలపలేదు. కంచం చెల్లెలి దగ్గరకి జరిపి, "వెళ్ళి మొహం చూపించు. తిడితే తిట్టించుకో," అంది.

నెలాఖరు రోజు వెళ్ళింది. కుర్చీలన్నీ బల్లల మీదకి ఎక్కించి ఉన్నాయి. బామ్మ గిన్నెల్ని పాత పేపర్లలో చుడుతోంది. ఈమెని చూసి, ఒక కుర్చీ దించి నేల మీద పెట్టింది.

"కూర్చో. నిలబడి ఏడవకు," అని తన పని తను చేసుకుపోయింది.

వంటతను లోపలినుంచి జాడీలు మోసుకొచ్చాడు. నాలుగురోజుల్లోనే చిక్కిపోయాడు. వాగుడుకాయ నోటికి తాళం పడింది.

"ఉద్యోగం మానేశాను," అంది ఆమె.

"మంచిది."

"మీరు?"

"ఆసుపత్రి క్యాంటీన్లో కుదిరాను. ఉప్పు లేకుండా, కారం లేకుండా వండాలి."

"ఇంకో జాడీ వేస్తే..."

"దేనికి? రేపట్నుంచి ఈ గదిలో చెప్పుల షాపు." జాడీలు కింద పెట్టాడు. "అడిగారు కాబట్టి చెప్తున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. నా ముక్కు నిజమే చెప్పింది. నేను వినలేదు. మీరు తెలియదు అని ఒక్క మాట అని ఉంటే విని ఉండేవాణ్ణి. హోటల్ ఉండేది."

ఆమె దగ్గర నిజం ఒక్కటే మిగిలింది, అది కూడా చెప్పేసింది.

"చెప్తే మీరు నా ఎదురుగా కూర్చోరేమోనని భయమేసింది. మీకు టేస్టర్ కావాలి. నేను టేస్టర్ని కాకపోతే నాతో ఏం పని? నాకు ఆ ఒక్క గంట కావాలి. మీరు కావాలి. అందుకని అబద్ధమాడాను."

అతను ఆమెని చూశాడు. ఆ ప్లేటు రోజు తర్వాత మొదటిసారి సూటిగా చూశాడు.

"నేను ఎదురుగా కూర్చున్నది ఎప్పుడండీ?" అన్నాడు. "నాలుగో రోజు. మీ కార్డు కింద పడింది రెండు వారాల తర్వాత. అప్పటిదాకా మీరెవరో నాకేం తెలుసని కూర్చున్నాను?"

ఆమె ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. ఇంత నష్టం చేసింది దేన్ని కాపాడుకోవడానికో అది మొదటినుంచీ తన దగ్గరే ఉంది. ఆ సంగతి ఇప్పుడు, కుర్చీలు ఎక్కించేసిన గదిలో తెలిసింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అతను ఓదార్చలేదు. వెళ్ళిపోనూ లేదు. పక్కనే జాడీ మీద కూర్చుని, ఆమె ఏడుపు అయ్యేదాకా నేల చూస్తూ ఉన్నాడు.

"రేపు ఆదివారం," అన్నాడు చివరికి. "ఎక్కడ తింటారు?"

"ఇంట్లో. అక్క వండుతుంది."

"నేను వస్తానని చెప్పండి. నేనేం వండను. నాకింకా కోపం పోలేదు."

"మరెందుకు రావడం?"

"కోపంగానే తింటాను," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో చెప్పులు విప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. చెల్లెల్ని వంటింట్లోకి పంపి అక్క అతని ఎదురుగా కూర్చుంది. ఇంట్లో పెద్దదిక్కు తనే కాబట్టి, చుట్టూ తిప్పకుండా అడిగింది.

"హోటల్ పోయింది దీని వల్లే కదా?"

"సగం. మిగతా సగం నా వల్ల."

"దీనికి రుచి ఎప్పటికీ రాకపోవచ్చు. డాక్టరు అదే అన్నాడు. మీరు వంట చేసే మనిషి. జీవితాంతం మీరేం వండి పెట్టినా ఇది బాగుందని అనలేదు. అన్నా అబద్ధమే అవుతుంది. తెలుసా?"

"తెలుసండి."

"మీకు బాధగా లేదా?"

వంటింట్లో చెల్లెలు గరిటె తిప్పడం ఆపేసింది. ఆ అబద్ధం ఎంత తేలికగా వస్తుందో ఆమెకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. లేదండీ అంటే చాలు, అందరికీ హాయిగా ఉంటుంది.

అతను వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"ఉందండి," అన్నాడు. "చాలా ఉంది. రాత్రి అదే ఆలోచించాను. అయినా పొద్దున లేచి ఇక్కడికే వచ్చాను."

అక్క అతన్ని కాసేపు పరీక్షగా చూసింది. చీర చెంగు నడుముకి దోపుకుని లేచింది.

"లేదని అంటే గుమ్మంలోంచే పంపించేద్దామనుకున్నాను," అంది. వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "చిట్టీ, మూడు కంచాలు పెట్టవే."